పట్టీ వినని వైపు

నా భార్య సుగుణ చనిపోయిన రోజున మా బడిలో పట్టీ శిబిరం జరిగింది.

ఉదయం ఏడున్నరకు ఆమె ఊపిరి ఆగింది. ఎనిమిదింబావుకు హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. ఆయనకు ఇంకా తెలియదు.

"సార్, ఎనిమిదో తరగతి గది తాళంచెవి మీ దగ్గర్నే ఉన్నదట గద. శిబిరమోళ్ళు వచ్చి వరండాల నిలబడ్డరు."

ఎవరినైనా పంపమన్నాను. ఇంకేమీ చెప్పలేదు. చెబితే ఆయన శిబిరాన్ని ఆపేస్తాడు. ఆపించడం మంచిదో కాదో ఆ ఉదయం నేను తేల్చుకోలేకపోయాను.

అటెండరు బక్కయ్య వచ్చాడు. వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళను చూసి, లోపలి మంచాన్ని చూసి, గడప దగ్గరే కూలబడ్డాడు. కాసేపయ్యాక తాళంచెవి అతని చేతిలో పెట్టాను.

"బడి కాడ జనం చూస్తుంటరు. పోయి గది తెరువు."

"మీకు ఆ పట్టీ మీద కోపం లేదా సార్?"

బక్కయ్యే మళ్ళీ అన్నాడు:

"మా తమ్మునికి పేగుల గడ్డ ఉన్నదని చెప్పింది అదే గద సార్. గడ్డ తీసేసిన్రు. ఇప్పుడు ట్రాక్టర్ తోలుతుండు. నేను దాన్ని తిట్టలేను. మంచం మీద సిస్టరమ్మను చూస్తే తిట్టకుండ ఉండలేను. నన్నేం చేయమంటరు?"

"గది తెరువు బక్కయ్యా" అన్నాను.

ఆ రోజు మా ఎనిమిదో తరగతి గదిలో రెండు వందల మందికి పైగా పట్టీ కట్టించుకున్నారు. దాదాపు అందరికీ పచ్చ చీటీ వచ్చింది. ఆ చీటీ మీద ఒక్కటే వాక్యం ఉంటుంది: 'మీ పెద్దపేగులో గడ్డ ఏదీ వినిపించలేదు.' చనిపోవడానికి పది రోజుల ముందు సుగుణ నన్ను ఒక్కటే అడిగింది. ఆ వాక్యం కింద ఇంకో వాక్యం వేయించమంది. 'కుడివైపు వినలేదు' అని.

*

సుగుణ నర్సు. చివరి తొమ్మిదేళ్ళు జిల్లా కేంద్రంలోని ఉదర పరీక్షల కేంద్రంలో, కొలనోస్కోపీ గదిలో పనిచేసింది. కొసన కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని కింద నుంచి పంపి పెద్దపేగంతా చూసే పరీక్ష అది. నేను లెక్కల మాస్టారిని. నాకు తెలిసేలా ఆమె ఇలా చెప్పేది:

"పెద్దపేగు మన పొట్టల దర్వాజ చౌకట్టు లెక్కుంటది. గొట్టం ఎడమ నిలువు ఎక్కాలె, పైన అడ్డం దాటాలె, కుడి నిలువు దిగాలె. అప్పుడు అయిపోయినట్టు."

అంత దూరం చూడాలంటే పేగు కడిగినట్టుండాలి. అందుకోసం ముందురోజు సాయంత్రం రెండు లీటర్ల జులాబు నీళ్ళు తాగాలి. పరీక్ష రోజు తెల్లవారుజామున ఇంకో రెండు లీటర్లు తాగాలి. కేంద్రంలో కాగితం మీద అలాగే రాసి ఇస్తారు. కాని అమ్రాబాద్ అవతలి పల్లెల వాళ్ళు నాలుగున్నర బస్సు ఎక్కితే తప్ప తొమ్మిదింటికి చేరలేరు. రెండు లీటర్ల జులాబు తాగి నాలుగు గంటలు బస్సులో కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది?

ఒక సాయంత్రం సుగుణ నవ్వుతూ ఇంటికి వచ్చింది.

"ఇయ్యాల ఒక ముసలమ్మ సగం సీసా చేతిల పట్టుకొనే వచ్చింది. ఏందవ్వా తాగలేదా అంటే, 'మిగిలింది గీడ తాగుత బిడ్డా, తొవ్వల బస్సు ఆపమంటే ఆపెటందుకు డ్రైవరు నా మొగడా?' అన్నది. డాక్టరు నవ్వలేక గోడ దిక్కు తిరిగిండు."

నేనూ నవ్వాను. తర్వాత అడిగాను, మరి ఆమె పరీక్ష ఎలా అయిందని.

"ఎడమ పక్క కనపడ్డది. పైకి పోయినంక అంత బురదనే. అక్కడికి ఆపిండు."

పరీక్ష కాగితంలో ఒక గడి ఉంటుంది: 'చివరి వరకు చూశారా? అవును, కాదు.' ఆ ముసలమ్మ కాగితంలో ఏం రాశావని నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

*

నవనీత మా బడిలోనే చదువుకుంది. ఆరో తరగతిలో సగటు తీయడం ఆమెకు నేర్పింది నేనే. ఇప్పుడు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. రెండున్నరేళ్ళ కిందట ఒక ఆదివారం సంచిలో పట్టీ పెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

చూడడానికి అది నడుము నొప్పికి కట్టుకునే గుడ్డ పట్టీలాగే ఉంది. లోపలివైపు మూడు బిళ్ళలు. గడ్డ ఉన్నచోట పేగు కదిలే తీరు మారుతుంది. ఆ చప్పుడు మన చెవికి అందదు, బిళ్ళలకు అందుతుంది. జులాబు అక్కర్లేదు, గొట్టం అక్కర్లేదు. తొమ్మిది నిమిషాలు కుర్చీలో కూర్చుంటే చాలు.

"బోణీ మీతోనే అమ్మా" అంటూ నవనీత సుగుణ నడుముకు పట్టీ బిగించింది.

"నా కడుపుల ఆకలి చప్పుడు తప్ప ఏం వినపడదు బిడ్డా. ఉప్మా చేస్తనని సారు పొద్దటి నుంచి చెప్తనే ఉన్నడు."

మూడు బిళ్ళలూ ఎడమవైపే ఉండడం నేను గమనించాను.

"కుడి పక్క ఒక్కటి గూడ లేదేంది నవనీతా?"

"కుడి పక్క వినాల్నంటే ఒక్కొక్కరికి గంట పడ్తది సార్. ఆ పక్క పేగు వెడల్పుగ ఉంటది, చప్పుడు తేలదు. రాష్ట్రంల పదకొండు కేంద్రాలల్ల చేసిన అరవై రెండు వేల కొలనోస్కోపీలు కుప్ప పోసి, మనోళ్ళ పేగు పటం గీసినం. మనోళ్ళకు గడ్డ వస్తే కిందనో, ఎడమ పక్కనో. కుడి పక్క నూటికి ఆరే. ఉన్నోళ్ళ దేశాలల్ల అది ముప్పై దాకా ఉంటది. మన తిండి వల్లనో, వయసు వల్లనో, ఆ సంగతి వేరేవాళ్ళు చూస్తున్నరు. మాకు కావాల్సింది ఎక్కడ వినాలె అన్నదే. ఆరుగురి కోసం గంట కూసుంటే తొంభై నాలుగు మంది వరుసల ఆగిపోతరు గద సార్."

"లెక్క బాగున్నది" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

సుగుణ అడిగింది: "మా కేంద్రం కాగితాలు గూడ ఉన్నయా అండ్ల?"

"అన్నిటికంటె మంచి కాగితాలు మీవేనమ్మా. చివరి వరకు చూసిన్రు అన్న కాడ నూటికి తొంభై ఎనిమిది అవును అనే ఉన్నది."

"చాయ్ పెడ్త" అని సుగుణ లేవబోయింది.

"అయ్యో, కదలొద్దు. ఇంకా మూడు నిమిషాలున్నయ్" అని నవనీత ఆమెను భుజం పట్టి కూర్చోబెట్టింది. ఆ మూడు నిమిషాలూ సుగుణ గోడ గడియారం వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత పచ్చ చీటీ వచ్చింది. రాష్ట్రంలో అదే మొదటి పచ్చ చీటీ అని నవనీత దాని వెనక సంతకం చేసి ఇచ్చింది.

*

మరుసటి ఏడాది వానాకాలానికి పట్టీ పంతొమ్మిది జిల్లాల్లోకి వెళ్ళింది. ముదరక ముందే వేలమందిలో గడ్డలు దొరికాయి. మొలలనుకుని ఏళ్ళ తరబడి ఆకుపసరు తాగినవాళ్ళు, ముప్పై ఐదేళ్ళయినా నిండనివాళ్ళు, బక్కయ్య తమ్ముడు మల్లేశు. వాళ్ళంతా ఇవాళ మన మధ్య తిరుగుతున్నారు.

అదే వానాకాలంలో సుగుణ మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు గ్రాములే ఉంది. ఇనుము మాత్రలు, బీట్‌రూట్, ఖర్జూరాలు. మూడు నెలలకు తొమ్మిదికి వచ్చి మళ్ళీ ఏడుకు దిగింది. కేంద్రంలో కొత్తగా చేరిన డాక్టరమ్మ ఒకసారి గొట్టం పరీక్ష చేద్దామంది. సుగుణే వద్దంది.

"పట్టీ రెండుసార్లు పచ్చ ఇచ్చింది మేడమ్. బయట పద్నాలుగు నెలల వరుస ఉన్నది. వాళ్ళందరిని ఎనకకు నూకి ఆ బల్ల మీద నేను పండుకోవాల్నా?"

కుడివైపు గడ్డ నుంచి నెత్తురు కొంచెం కొంచెంగా ఊరుతుంది. కంటికి కనబడదు. మనిషి పాలిపోతాడు, అంతే. ఈ సంగతి సుగుణకు నాకంటే బాగా తెలుసు. తెలిసినదాన్ని తన విషయంలో నమ్మడం వేరు.

మొదటి పచ్చ చీటీ వచ్చిన పంతొమ్మిది నెలలకు ఆమె డ్యూటీలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. అక్కడే చేర్చుకున్నారు. మంచం మీద ఉంచి నాలుగు లీటర్లూ తాగించారు. పేగు అద్దంలా కడుక్కుపోయింది. గొట్టం ఎడమ నిలువు ఎక్కి, అడ్డం దాటి, కుడి నిలువు దిగింది. అక్కడ, అడుగున, గడ్డ ఉంది. అప్పటికే కాలేయానికి పాకింది.

*

మూడో రోజు మధ్యాహ్నం వార్డులో నేను బత్తాయి ఒలుస్తున్నాను.

"సారూ, నేను అవును అని కొట్టిన" అంది సుగుణ.

"ఏం కొట్టినవ్?"

"చివరి వరకు చూసిన్రా అని ఉంటది గద. చూడకున్నా అవును అని కొట్టిన. కాదు అని కొడ్తే కంప్యూటరు రిపోర్టు ఆపేస్తది. ఆరు వారాలకు మల్ల రమ్మంటది. మల్ల అదే బస్సు, మల్ల సగం సీసా. డాక్టరు నా మొఖం చూసెటోడు, నేను ఆయన మొఖం చూసేదాన్ని. ఇద్దరం ఏమనకపోతుంటిమి."

"ఎంతమందికి?"

"లెక్కపెట్టలే. పొద్దటి బస్సులకు దిగినోళ్ళందరికి అనుకోరాదు." నేనిచ్చిన బత్తాయి తొన చేతిలోనే పట్టుకుని అంది, "అరవై వేల కాగితాలల్ల నాయి ఎన్నుంటయ్, వాటితోని ఏం మారుతది అనుకున్న. ఆ రోజు నవనీత పట్టీ కట్టినప్పుడు గూడ నేనొక్కదాన్నే గద అనుకున్న."

"చెప్పకపోతివి" అన్నాను.

ఆమె దుప్పటి భుజాల దాకా లాక్కుంది. ఆ మాట అనకుండా ఉండవలసింది.

నవనీతను పిలిపించాను. ఆమె మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, సుగుణ చెప్పిందంతా ఒక్క మాట కూడా అడ్డురాకుండా విన్నది. చివరికి ఒక్కటే అడిగింది.

"ఇంకెవరన్న ఇట్ల చేసిన్రా అమ్మా?"

"నాకేం ఎరుక బిడ్డా. ఇసొంటివి ఎవరు చెప్పుకుంటరు?"

*

కుడి నిలువు అడుగున, పెద్దపేగు మొదలయ్యే చోట, చిన్నపేగు వచ్చి కలిసే దగ్గర, రెండు పెదవుల్లాంటి మడత ఉంటుంది. గొట్టం అక్కడిదాకా వెళ్ళినట్టు రుజువుగా ఒక ఫొటో దాచాలని నియమం. ప్రతి కాగితానికీ ఒక ఫొటో ఉంది. పటం గీసినప్పుడు ఎవరూ వాటిని తెరవలేదు. 'అవును' అన్న మాట చాలింది.

నవనీత ఆ అరవై రెండు వేల ఫొటోలను యంత్రానికి ఇచ్చి పెదవుల మడతను వెతకమంది. అందుకు రెండు రోజులు పట్టింది. రెండో రోజు నేనూ ఆమె పరిశోధనశాలలో ఉన్నాను. తెర మీద ఫొటోలు ఒకదాని వెంట ఒకటి జారిపోతున్నాయి. ఎక్కువగా పసుపు రంగు బురద. మధ్యమధ్య ఎక్కడో తేటగా, గులాబీ రంగులో, ఆ మడత.

మడత కనిపించినవి ఇరవై ఏడు వేలు. మిగతా ముప్పై ఐదు వేలమందికి కుడివైపు ఎవరూ చూడలేదు. పదకొండు కేంద్రాల్లోనూ అదే తీరు.

ఆ మధ్యాహ్నం నవనీత మిగతా పది కేంద్రాల నర్సులకు ఫోన్ చేసింది. మాటలు నాకూ వినిపించేలా పెట్టింది. ఇద్దరు ఫోన్ పెట్టేశారు. ఎనిమిది మంది మాట్లాడారు. ఒకరికి ఆదివాసీ గూడేల నుంచి వచ్చేవాళ్ళు, ఒకరికి గని కార్మికుల భార్యలు, ఒకరికి చెరుకు కోతకు వెళ్ళేవాళ్ళు. అందరిదీ తొలి బస్సే. అందరిదీ సగం సీసానే. ఖమ్మం వైపు నుంచి మాట్లాడిన ఒకామె అన్నది: "నేనొక్కదాన్నే ఇట్ల చేస్తున్ననని అనుకున్న మేడమ్. భయపడుకుంట చేసిన." ఆమె తర్వాత ఇంకో ముగ్గురు దాదాపు అదే మాట అన్నారు.

నవనీత ఫోన్ పక్కన పెట్టి లెక్క మళ్ళీ వేసింది. నిజంగా చివరి వరకు చూసిన ఇరవై ఏడు వేలమందిని మాత్రమే తీసుకుంటే, దొరికిన గడ్డల్లో కుడివైపువి నూటికి ఇరవై మూడు.

"ఆరు కాదు సార్" అంది. ఆరో తరగతిలో తప్పు చేసినప్పుడు తల దించుకుని నిలబడినట్టే నిలబడింది. ఆమె తీసిన సగటులో తప్పు లేదు.

వచ్చి సుగుణకు చెప్పాను.

"అందరూనా?" అంది. మళ్ళీ అంది, "అందరూ అదే చేసిన్రా?" తర్వాత నా చెయ్యి పట్టుకుని ఆ వాక్యం సంగతి అడిగింది. "నా పేరు చెప్పున్రి, నాకేం కాదు. చీటీ మీద మాత్రం రాయించున్రి. కుడివైపు వినలేదు అని. అంతే. మెట్లు ఎక్కుతుంటే ఆయాసమొచ్చినోళ్ళు అది చదివితే, నా లెక్క ఊకె కూసోరు."

*

ఆమె పోయిన పన్నెండో రోజున నవనీతతో కలిసి పట్టీ శిబిరాలు నడిపే కమిటీ ముందుకు వెళ్ళాను. అధ్యక్షుడు పెద్ద వయసు డాక్టరు. మర్యాదస్తుడు. నవనీత పంపిన నివేదిక అంతకుముందే పూర్తిగా చదివాడు. మమ్మల్ని కాదనలేదు.

"మాస్టారూ, తొమ్మిది నిమిషాలు గంట అయితే, ఏడాదికి మేం చూసే పన్నెండు లక్షల మంది రెండు లక్షలు కూడా కారు. మిగతా పది లక్షల మందిలో ఎడమవైపు గడ్డ ఉన్నవాళ్ళు ఎంతమంది దొరక్కుండా పోతారో మీరే లెక్క చెప్పండి."

లెక్క వేశాను. ఆయన చెప్పింది నిజమే. పట్టీని ఆపితే, దానికి దొరక్కుండా పోతున్నవాళ్ళ కంటే ఎక్కువమంది పోతారు.

"ఆపమని అడగడం లేదండీ. చీటీ మీద ఒక వాక్యం అడుగుతున్నాను."

"రాస్తాం. రాశాక వాళ్ళు ఎక్కడికి పోవాలి? గొట్టం పరీక్షకు పద్నాలుగు నెలల వరుస. పోనీ వచ్చారనుకుందాం, మళ్ళీ అదే బస్సు కదా? ముందురోజే వచ్చి పడుకుని, తాగి, కడుక్కునే గదులు కావాలి. మంచాలు, నీళ్ళు, మరుగుదొడ్లు. అవి లేకుండా చేతిలో భయం ఒక్కటే పెట్టి పంపుదామా?"

గదులు కావాలన్నది నిజమేనని ఒప్పుకున్నాను. అయినా వాక్యం కావాలన్నాను. ఆయన నా వైపు చూసి, తల ఊపి, రాసుకున్నాడు.

పదకొండు చోట్ల గదులు కట్టాలన్న ప్రతిపాదన పైకి వెళ్ళింది. వాక్యం మాటల కూర్పు కోసం ఉపసంఘానికి వెళ్ళింది. నెల తర్వాత నాకు నమూనా పంపారు: 'ఈ పరీక్షకు కొన్ని పరిమితులు ఉన్నవి.' ఇది చదివి మా ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదని జవాబు రాశాను. రెండో నమూనా: 'అవసరమనుకున్నచో వైద్యుని సంప్రదించవలెను.' అవసరమని ఎలా అనుకుంటారు, అని రాశాను. రెండు మాటలు చాలు, 'కుడివైపు వినలేదు', అని ఇంకో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపాను. మూడో నమూనా రాలేదు.

*

కమిటీ పని కమిటీది అనుకుని, మా ఊళ్ళో పచ్చ చీటీ ఉన్న ఇళ్ళకు నేనే తిరగడం మొదలుపెట్టాను. సాయంత్రాలు బడి వదిలాక బక్కయ్య తోడు వచ్చేవాడు.

కొందరు విని సరేనన్నారు. కొందరు నా భార్య పోయిన బాధలో ఏదో అంటున్నానని చాయ్ ఇచ్చి పంపారు. ఒకాయన, "మంచిగున్నోన్ని పట్టుకొని రోగమంటవేంది సారూ" అని తలుపు వేసుకున్నాడు.

తూర్పు వాడలో లింగమ్మ బీడీలు చుడుతుంది. తన పచ్చ చీటీని లామినేషన్ చేయించి దేవుని పటాల పక్కన పెట్టుకుంది. నేను చెప్పిందంతా చేతిలో పని ఆపకుండానే విన్నది.

"అంటే ఈ పక్క మంచిగున్నది. ఆ పక్క ఎవరు వినలే."

"అవునమ్మా."

"మరి ఆ పక్క ఎవరు ఇంటరు?"

కేంద్రం పేరు చెప్పాను. పద్నాలుగు నెలలని చెప్పాను. నాలుగు లీటర్ల సంగతి, తొలి బస్సు సంగతి చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే పాఠం చెబుతున్నట్టు వినిపించింది.

లింగమ్మ చేట పక్కకు పెట్టి నా వైపు చూసింది.

"నాకు మెట్లు లేవు సారూ, ఆయాసం ఉన్నదో లేదో ఎట్ల తెలుస్తది? పనిల అలసిపోతనే ఉంట. అందరం అలసిపోతనే ఉంటం. ఎక్కడికి పోవాల్నో చెప్పలేనోనివి, నాకెందుకు చెప్పినవ్?"

బక్కయ్య నా మోచేయి పట్టుకుని, "పోదాం సార్" అన్నాడు. ఆమెకు చెప్పడం తప్పో, చెప్పకపోవడం తప్పో తెలియక ఆ వాకిట్లో నిలబడ్డాను. లింగమ్మే లేచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

మరునాడు ఆమె పేరు కేంద్రం వరుసలో రాయించాను. వచ్చే ఏడాది ఆషాఢంలో రమ్మన్నారు.

ఇది జరిగి ఏడు నెలలయింది. నవనీత కుడివైపు వినే బిళ్ళ మీద పనిచేస్తూనే ఉంది. ఇప్పటికి అది గంట నుంచి నలభై నిమిషాలకు వచ్చింది. పట్టీ శిబిరాలు వారానికి మూడు చోట్ల జరుగుతున్నాయి. పదకొండు కేంద్రాల్లో ఒక్క చోట కూడా గదులు కట్టడం మొదలుపెట్టలేదు. పచ్చ చీటీ తీసుకున్న పదహారు లక్షల మందిలో ఎవరినీ తిరిగి పిలవలేదు. చీటీ మీద రెండో వాక్యం ఇంకా వేయలేదు.